రచ్చబండయు రాజవీధియు

తెలుగున "రచ్చ" యను మాటకు రెండు ముఖములు కలవు. ఊరి నడుమ రావిచెట్టు నీడను కట్టిన అరుగునకు రచ్చబండ యని పేరు. పెద్దలు కూర్చుండి, ఇరుపక్షముల వాదములు విని, తగవు తీర్చుచోటది. "ఇంట గెలిచి రచ్చ గెలువుము" అను సామెతలో రచ్చ యనగా నలుగురు కూడిన సభయే. కాని "వాడు రచ్చ చేయుచున్నాడు" అన్నప్పుడు ఆ మాటయే అల్లరికి పేరగుచున్నది. సంస్కృతమున వీధి యను అర్థము గల "రథ్య" శబ్దమే తెలుగున రచ్చ యైనదని నిఘంటువులు చెప్పును. వీధి, సభ, అల్లరి, ఈ మూడును మన భాషలో ఒక్క మాట నీడను కలిసి కూర్చున్నవి.

రాజకీయ వాదములలో మాత్రము ఈ మూడును విడిపోయినవి. సభలో మాటాడుట ప్రజాస్వామ్యమనియు, వీధిలో నినదించుట దానికి విఘాతమనియు ఒక పక్షము వాదించును. సభ యనునది బలవంతుల నాటకమనియు, వీధియే ప్రజల నిజమైన గొంతుక యనియు రెండవ పక్షము బదులు చెప్పును. పౌరశాస్త్రము బోధించు ఉపాధ్యాయునకు ఈ వివాదము క్రొత్తది కాదు. ఎన్నికలు, ఓటు, శాసనసభ అను పాఠములు ముగించి తరగతిగది కిటికీలోనుండి చూచునప్పటికి బయట ధర్నా జరుగుచుండును. "అయ్యా, ఇదియు ప్రజాస్వామ్యమేనా?" అని విద్యార్థి అడుగును. ఔననియో కాదనియో ఒక్క మాటలో చెప్పివేయుట సులభమే. కాని విద్యార్థికి కావలసిన బదులు అది కాదు.

రాజనీతి పండితులు కొన్ని దశాబ్దములుగా "సమాలోచన ప్రజాస్వామ్యము" అను భావమును చర్చించుచున్నారు. దాని సారాంశమిది: తలలు లెక్కించుట మాత్రము చాలదు. ఒక నిర్ణయము ఎవరి బ్రదుకులను తాకునో వారు తమ కారణములు చెప్పుకొనుటకును, ఎదుటివారి కారణములు వినుటకును అవకాశముండవలెను. విన్న పిమ్మట తమ అభిప్రాయమును మార్చుకొనుటకు ఉభయులును సిద్ధపడవలెను. అట్లు వెలువడిన నిర్ణయమే అందరికిని శిరోధార్యమగును. ఆదర్శము గొప్పదే. ఆ ఆదర్శమునందు నినాదమునకు, ఉపవాసమునకు, బహిష్కారమునకు చోటు కలదా యనునది ప్రశ్న. ఈ ప్రశ్నకు మహారాష్ట్రములోని ఒక చెరువుగట్టున మంచి సమాధానము దొరకును.

నాటి కొలాబా జిల్లాలోని మహాడ్ పట్టణమున చౌదార్ చెరువు కలదు. ప్రజాధనముతో నిర్వహింపబడు బావులను, చెరువులను, ధర్మశాలలను అస్పృశ్యులని త్రోసివేయబడినవారు కూడ వాడుకొనవచ్చునని బొంబాయి శాసనమండలి 1923లో తీర్మానించినది. ఎస్. కె. బోలే ప్రతిపాదించిన తీర్మానమది. మరుసటి యేడు మహాడ్ పురపాలక సంఘము తన చెరువును అందరికిని తెరచినట్లు నిర్ణయించినది. అనగా సభ తన పని చేసినది. చర్చ జరిగినది, న్యాయమైన నిర్ణయము వెలువడినది. అయినను మూడేండ్ల వరకు దళితులు ఆ నీటిని ముట్టలేకపోయిరి. పశువులు త్రాగు నీటిని ఆ మనుష్యులు త్రాగరాదను ఆచారము తీర్మానము కంటె బలముగా నిలిచినది.

1927 మార్చి 19, 20 తేదీలలో డాక్టర్ అంబేద్కర్ నాయకత్వమున మహాడ్‌లో పరిషత్తు జరిగినది. 20వ తేదీన ప్రతినిధులు బారులు తీరి నడచి, చెరువునొద్దకు పోయి, నీరు త్రాగిరి. వారు చేసినది అంతమాత్రమే. గుడిలో కూడ ప్రవేశింపబోవుచున్నారను పుకారు పుట్టినది. ఊరిలోని అగ్రవర్ణములవారు కొందరు వారిపై పడి కొట్టిరి. తిరిగి కొట్టవలెనని ఉడికిపోయిన తనవారిని అంబేద్కర్ వారించినారు. పిమ్మట చెరువు మైలపడినదని శుద్ధి జరిపిరి. ఆ యేటి ఆగస్టులో పురపాలక సంఘము తన పాత తీర్మానమును రద్దు చేసికొనినది. తీర్మానము కాగితముపై నున్నంతకాలము ఎవరికిని బాధ లేకుండెను. దానిని నిజమని నమ్మి కొందరు నడచిన తరువాతనే అది రద్దయినది.

అదే సంవత్సరము డిసెంబరులో రెండవ పరిషత్తు జరిగినది. విద్యార్థులు ప్రత్యేకముగా తెలిసికొనవలసిన ఘట్టమిది. చెరువు ప్రజల సొత్తు కాదనుచు పట్టణములోని కొందరు అంతకుముందే న్యాయస్థానమునకు పోయి, దళితులు చెరువును ముట్టకుండ తాత్కాలికముగ ఉత్తర్వు తెచ్చుకొనిరి. సత్యాగ్రహమునకు సిద్ధపడి వేలమంది వచ్చియున్నారు. జిల్లా కలెక్టరు పరిషత్తునకే వచ్చి, న్యాయస్థానపు ఉత్తర్వును మన్నింపుడని కోరినాడు. వచ్చినవారిలో చాలమందికి వెనుదిరుగుట ఇష్టము లేదు. వాదోపవాదములు జరిగినవి. తుదకు న్యాయస్థానము తేల్చువరకు సత్యాగ్రహమును వాయిదా వేయుటకు పరిషత్తు నిర్ణయించినది. జనులు ఊరేగింపుగా చెరువు చుట్టును నడచి, నీటిని ముట్టకయే మరలిపోయిరి. వ్యాజ్యము పదేండ్లు సాగినది. 1937లో బొంబాయి హైకోర్టు తీర్పు దళితుల పక్షమున వచ్చినది.

ఈ కథలో సభ యేది, వీధి యేది? శాసనమండలి తీర్మానము సభ పని. దానిని నిజము చేయుటకు మనుష్యులు నడువవలసి వచ్చినది. నడచినవారు మరల తమలో తాము సభ తీర్చి, తొందరను అణచుకొని, న్యాయస్థానమునకు పోయిరి. వీధి సభను కూలద్రోయలేదు. సభ అన్న మాటను సభకు గుర్తుచేసినది.

ఆ చెరువునకు జనులను నడిపించిన అంబేద్కరే 1949 నవంబరు 25వ తేదీన రాజ్యాంగ పరిషత్తులో ఒక హెచ్చరిక చేసినారు. సాంఘిక, ఆర్థిక లక్ష్యములను సాధించుటకు రాజ్యాంగబద్ధమైన మార్గములనే పట్టుకొనవలెననియు, రక్తపాతపు విప్లవమునే గాక శాసనోల్లంఘనమును, సహాయ నిరాకరణమును, సత్యాగ్రహమును కూడ విడిచిపెట్టవలెననియు చెప్పినారు. రాజ్యాంగ మార్గములు లేనినాడు ఆ పద్ధతులకు సమర్థన యుండెననియు, అవి తెరచియున్న నాడు అట్టి పద్ధతులు అరాజకత్వమునకు వ్యాకరణమే యగుననియు వారి మాటల భావము. ఉద్యమములను తప్పుపట్టువారు ఈ మాటలను తరచు స్మరింతురు. ఉద్యమించువారు మహాడ్‌ను స్మరింతురు. రెండును ఒక్క మనుష్యుని జీవితమే యని ఇరువురును మరచుచుందురు.

వీనిని పొందుపరచుట అసాధ్యము కాదు. "మార్గములు తెరచియున్న నాడు" అను మాటలోనే కీలకమున్నది. మహాడ్‌లో తలుపు తీర్మానమున తెరచియున్నది. చెరువు మెట్లపై మూసియున్నది. కావున అంబేద్కర్ హెచ్చరిక రెండంచుల కత్తి. వీధికి దిగువాడు, సభ తలుపు నిజముగా మూసియున్నదని చూపవలెను. తట్టిచూడకయే మూసినారని అరచుట న్యాయము కాదు. పాలించువాడు, తలుపు నిజముగా తెరచియున్నదని చూపవలెను. తెరచినామని పలక వ్రేలగట్టి లోపల గడియ వేసికొనుటయు న్యాయము కాదు. ఆ హెచ్చరికలో రెండవ సగము పాలకులకు చెందును.

అమెరికా తత్త్వవేత్త ఐరిస్ మేరియన్ యంగ్ 2001లో ప్రకటించిన ఒక వ్యాసమున ఈ వివాదమునకు సంవాద రూపమిచ్చినది. సమాలోచనను నమ్మువాడొకడు, ఉద్యమమును నమ్మువాడొకడు, ఇద్దరు కల్పిత పాత్రలను ఎదురెదురుగా నిలిపినది. కూర్చుండి మాటాడుదమని మొదటివాడు పిలుచును. ఆ గదిలోనికి ఎవరిని రానిత్తురని రెండవవాడు అడుగును. అందరిని రానిత్తుమన్నచో, అక్కడ మాటాడవలసిన విషయములను ముందే నిర్ణయించినదెవరని మరల అడుగును. ఆ ప్రశ్నలను తేలికగా త్రోసివేయలేమని ఆమె అంగీకరించినది. అయినను ఇద్దరిలో ఒక్కరిని గెలిపింపక, ప్రజాస్వామ్యమునకు ఇద్దరును కావలెననియు, వారి నడుమ పెనుగులాట తీరిపోవునది కాదనియు తేల్చినది.

తెలుగు పల్లె రచ్చబండకు ఈ ప్రశ్న చక్కగా వర్తించును. రచ్చబండను తలచుకొని పరవశించువారు దానిపై ఎవరు కూర్చుండిరో కూడ తలచుకొనవలెను. మాలవాడ నుండి, మాదిగవాడ నుండి వచ్చినవాడు దూరమున చేతులు కట్టుకొని నిలువవలసియుండెను. స్త్రీ విషయమై తీర్పు జరుగునే గాని, తీర్పు చెప్పువారిలో స్త్రీ యుండుట అరుదు. అరుగుపై జరిగినది సమాలోచనయే; కాని అది అరుగు మీదివారి సమాలోచన. క్రింద నిలిచినవాడు గొంతెత్తినప్పుడు ఆ అరుగుననే "రచ్చ చేయుచున్నాడు" అని అన్నారు కాబోలు.

అయితే గొంతెత్తిన ప్రతి రీతియు ఒక్కటి కాదు. ఉపవాసమునే తీసికొనవచ్చును. 1932 సెప్టెంబరులో గాంధీజీ ఎరవాడ చెరసాలలో నిరాహారదీక్ష పూనినప్పుడు ఎదుటిపక్షమున నుండినది అంబేద్కరే. ఆ నెల 24వ తేదీన పూనా ఒడంబడికపై సంతకము పడినది. ఒక మహనీయుని ప్రాణము తక్కెడలో నుండగా ఎదుటివాని కారణములు ఎంత తేలికపడునో అంబేద్కర్‌కు అనుభవపూర్వకముగ తెలియును. "ఒప్పుకొనుము, లేదా నేను మరణింతును" అను మాటలో త్యాగము కలదు, నిర్బంధమును కలదు.

తెలుగువారి చరిత్రలో ఈ కత్తి రెండవ అంచు కనబడును. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు ప్రత్యేకాంధ్ర రాష్ట్రము కొరకు మద్రాసులో దీక్ష ప్రారంభించి, 58 దినముల పిమ్మట డిసెంబరు 15వ తేదీ రాత్రి అసువులు బాసినారు. ఆంధ్ర ప్రాంతమున అల్లర్లు చెలరేగినవి. పోలీసు కాల్పులలో ప్రాణములు పోయినవి. డిసెంబరు 19న ప్రధాని నెహ్రూ ఆంధ్ర రాష్ట్రము ఏర్పడునని ప్రకటించినారు. 1953 అక్టోబరు 1న రాష్ట్రము అవతరించినది. ఈ కోరిక అకస్మాత్తుగ పుట్టినది కాదు. నెహ్రూ, పటేల్, పట్టాభి సీతారామయ్య సభ్యులుగా గల సంఘము 1949లోనే, మద్రాసు నగరమును విడిచినచో ఆంధ్ర రాష్ట్ర విషయమును ఆలోచింపవచ్చునని చెప్పియుండెను. కారణములు అప్పటికే సభ ముందున్నవి. కారణములకు కదలనిది మరణమునకు కదలినది. దీక్షకు చలింపనిది అల్లరికి చలించినది. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొను ప్రభుత్వము ప్రజలకు ఒక పాఠము చెప్పుచున్నది. వినయముగా చెప్పిన మాట ఇచ్చట చెల్లదు, మంట పెట్టినచో చెల్లునని ఆ పాఠము. వీధి హింసను ఖండించు పాలకులు, ఆ పాఠమును తాము ఎన్నిమారులు బోధించితిమో కూడ లెక్క చూచుకొనవలెను.

దీనికి భిన్నమైన ఒక ఉదాహరణము నెల్లూరు జిల్లాలో కలదు. ఉపాధ్యాయులకు అది మరింత దగ్గరిది. ఏలయన అది ఒక బడిలో పుట్టినది. 1990 తరువాత ఆ జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతోద్యమము సాగినది. పగలెల్ల పొలములో పనిచేసిన స్త్రీలు రాత్రివేళ లాంతరు చుట్టును చేరి అక్షరములు దిద్దిరి. వాచకములలో వారి బ్రదుకునకు సంబంధించిన పాఠములుండెను. స్త్రీలందరు ఏకమై ఊరిలోని సారా దుకాణమును మూయించిన కథ అందులో నొకటి. పాఠము చదువుటతో ముగియలేదు, దానిపై మాటాడుకొనవలెను. కూలి డబ్బులు ఎచ్చటికి పోవుచున్నవి? రాత్రి దెబ్బలు ఎందుకు తగులుచున్నవి? ఊరికి మంచినీరు రాదు గాని సారా మాత్రము వేళకు ఎట్లు వచ్చుచున్నది? ఆ దినములలో ప్రభుత్వమే "వారుణి వాహిని" యను పేర సారాను ప్యాకెట్లలో పల్లెపల్లెకు పంపుచుండెను.

ఆ ప్రశ్నల నుండియే కలిగిరి మండలములోని దూబగుంట గ్రామమున ఉద్యమము పుట్టినది. రోశమ్మ మొదలగు స్త్రీలు ఊరిలోని సారా దుకాణమును మూయించిరి. ఆ వార్త వాచకముల ద్వారమునను, నోటిమాటగను ఊరూరికి ప్రాకినది. 1992లో జిల్లాలో సారా పాటలు జరుగకుండ స్త్రీలు గుంపులు గుంపులుగా వచ్చి అడ్డుపడిరి. అధికారులు పాటలను మరల మరల వాయిదా వేయవలసి వచ్చినది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటను సారా నిషేధము అమలులోనికి వచ్చినది. 1995 జనవరిలో ఎన్. టి. రామారావు ప్రభుత్వము సంపూర్ణ మద్యనిషేధమును విధించినది.

దూబగుంటలో మొదట సమాలోచన, తరువాత నిరసన. అరుగుపై చోటు లేనివారు లాంతరు చుట్టును తమ సభను తాము తీర్చుకొనిరి. వారి నినాదమునకు బలమిచ్చినది కోపము మాత్రమే కాదు. అనేక రాత్రులు తమలో తాము అడిగికొని తేల్చుకొన్న కారణములు. ఎదుటివాడు "ఎందుకు?" అని అడిగినచో, అచ్చటి ప్రతి స్త్రీయు బదులు చెప్పగలిగియుండెను. నిరసనకు మేలైన పరీక్ష ఇదియే.

అయినను ఆ కథకు చేదైన చివరి ఘట్టము కలదు. 1997లో సంపూర్ణ నిషేధము సడలింపబడినది. ఖజానాకు రాబడి తగ్గినదనియు, దొంగసారాయు, ఇరుగు పొరుగు రాష్ట్రముల నుండి దొంగరవాణాయు అరికట్టుట సాధ్యము కాలేదనియు కారణములు చెప్పబడినవి. ఆ కారణములలో బలమున్నదో లేదో వాదింపవచ్చును. కాని ఆ వాదము జరిగినచోట దూబగుంట స్త్రీలకు పీట లేదు. విధించునపుడు వారి పేరు చెప్పిరి. సడలించునపుడు వారిని పిలిచి లెక్కలు చూపి మాటాడినవారు లేరు. నిరసన తలుపు తెరచినది గాని, లోపల వారికొక స్థిరమైన ఆసనమును సంపాదింపలేకపోయినది. గెలిచిన ఉద్యమమునకు కూడ ఈ లోటు ప్రాణాంతకమగును.

ఆ ఆసనమును సంపాదించిన ఉద్యమము రాజస్థాన్‌లో కనబడును. రాజసమంద్ జిల్లాలోని దేవ్‌డూంగ్రీ గ్రామము కేంద్రముగా 1990లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ ఏర్పడినది. కరవు పనులకు పోయిన కూలీలకు చట్టప్రకారము రావలసిన కనీస కూలి దక్కలేదు. పని తక్కువ జరిగినట్లు పుస్తకములో నున్నదని అధికారులు చెప్పిరి. ఆ పుస్తకమును చూపుడని అడిగినచో అది రహస్యమనిరి. కూలీలు మొదట ధర్నాలు, ఉపవాసములు చేసిరి. పిమ్మట వారు ఒక క్రొత్త పద్ధతిని కనిపెట్టిరి. 1994 డిసెంబరు 2న పాలీ జిల్లాలోని కోట్ కిరానాలో మొదటి "జన్ సున్‌వాయీ", అనగా ప్రజా విచారణ, జరిపిరి. సంపాదించిన మస్టరు రోళ్లను, బిల్లులను జనుల ముందు బిగ్గరగా చదివిరి. అందులో పేరున్నవాడు లేచి తాను పనిచేసితినో లేదో, కూలి ముట్టినదో లేదో చెప్పవలెను. పనికి రానివారి పేర్లును, జరుగని పనుల లెక్కలును అందరి యెదుట బయటపడినవి. ఇట్టి విచారణలకు సర్పంచులను, అధికారులను కూడ పిలుచుచుండిరి. నింద మోపబడినవాడు వచ్చి తన మాట చెప్పుకొనవచ్చును.

1996 ఏప్రిల్‌లో బ్యావర్ పట్టణమున 40 దినముల ధర్నా జరిగినది. పంచాయతీ లెక్కల నకళ్లు ప్రజలకు ఇయ్యవలెననునది వారి కోరిక. పట్టణ ప్రజలు కూరగాయలు, ధాన్యము, డబ్బు ఇచ్చి ఆదుకొనిరి. ఆ కోరిక క్రమముగా పెరిగి 2000లో రాజస్థాన్ రాష్ట్ర చట్టముగను, 2005లో దేశమంతటికి సమాచార హక్కు చట్టముగను రూపొందినది. అదే సంవత్సరపు గ్రామీణ ఉపాధి హామీ చట్టము తన 17వ విభాగమున, పనులపై గ్రామసభ సామాజిక తనిఖీ జరుపవలెనని విధించినది. అప్పటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము 2006 నుండి ఆ తనిఖీలను విస్తారముగ చేపట్టి, 2009లో దానికై ప్రత్యేక సంస్థను నెలకొల్పినది. తర్ఫీదు పొందిన పల్లె యువతీ యువకులు ఇంటింటికి పోయి కూలి లెక్కలు సరిచూచుటయు, మండల కేంద్రమున శామియానా క్రింద అధికారుల యెదుట వానిని చదువుటయు పద్ధతియైనది. దొరికిన సొమ్మంతయు వసూలు కాలేదు. తప్పు చేసిన వారందరికి శిక్ష పడలేదు. అయినను, ధర్నాలో పుట్టిన కోరిక ప్రభుత్వపు సొంత పద్ధతిగా మారినది. నిన్న రాజవీధిలో అరచినవాడు రచ్చబండపై పుస్తకము చేతబట్టి చదివినాడు.

ఉభయపక్షములును ఓడిపోవు రీతి కూడ ఒకటి కలదు. 2020 సెప్టెంబరులో మూడు వ్యవసాయ చట్టములు పార్లమెంటు ఆమోదము పొందినవి. సభాసంఘమునకు పంపి పరిశీలింపవలెనను కోరిక మన్నింపబడలేదు. రాజ్యసభలో గందరగోళము నడుమ మూజువాణి ఓటుతో పని ముగిసినది. ఆ నవంబరు చివరినుండి రైతులు ఢిల్లీ సరిహద్దులలో గుడారములు వేసికొని, చలిలో, ఎండలో, వానలో ఏడాదికి పైగా కూర్చుండిరి. ప్రభుత్వముతో 11 మారులు చర్చలు జరిగినను ఫలింపలేదు. 2021 జనవరి 26న కొందరు ఎర్రకోటవద్ద హద్దు మీరిరి; ఉద్యమమునకు అది మచ్చయైనది. 2021 నవంబరు 19న ప్రధాని చట్టములను ఉపసంహరించుచున్నట్లు ప్రకటించినారు. 29వ తేదీన రద్దు బిల్లు వచ్చినది. లోక్‌సభ దానిని చర్చ లేకయే కొన్ని నిమిషములలో ఆమోదించినది. చేయునపుడు చాలినంత వినలేదు, తీసివేయునపుడును వినలేదు. రైతు పంటకు గిట్టుబాటు ధర యెట్లు అను అసలు ప్రశ్న రెండు తొందరల నడుమ నలిగిపోయినది. వీధి గెలిచినది, ప్రభుత్వము తగ్గినది. సభ మాత్రము రెండుమారులు ఓడినది.

ఈ ఉదాహరణములన్నియు ఒక్క విషయమునే చెప్పుచున్నవి. నిరసన సమాలోచనకు శత్రువు కాదు. దానికి ప్రత్యామ్నాయమును కాదు. సభ వినని విషయమును సభ ముందుంచుట, సభలో లేని మనిషిని సభలోనికి తెచ్చుట నిరసన పని. ఆ పని ముగిసిన చోట నిరసన తానును కారణములు చెప్పుటకు, వినుటకు సిద్ధపడవలెను. రోగిని ఆసుపత్రికి పోనీయని బందులోను, నాటి కూలిపై బ్రదుకువాని పొయ్యి ఆర్పు దిగ్బంధములోను ఈ సిద్ధపాటు కనబడదు. ప్రజలపై బలవంతముగ రుద్దు బందు రాజ్యాంగవిరుద్ధమని కేరళ హైకోర్టు 1997లో చెప్పగా, సుప్రీంకోర్టు దానిని సమర్థించినది. ఆయుధములు లేక శాంతియుతముగ సమావేశమగు హక్కును రాజ్యాంగపు 19వ అధికరణము ఇచ్చినది. ఆ హక్కు ఎదుటివాని నోరు మూయుటకు కాదు. ఆ హక్కును నిషేధాజ్ఞలతో అడుగడుగున అడ్డగించుటయు ప్రభుత్వమునకు తగినది కాదు.

ఈ మాట పార్లమెంటులో కంటె ముందు పాఠశాలలో పరీక్షకు వచ్చును. వసతిగృహమున అన్నము బాగుగాలేదని పిల్లలు పళ్లెములు పట్టుకొని వరండాలో కూర్చుండిరనుకొనవచ్చును. "రచ్చ చేయకుడు" అని గద్దించి లోనికి పంపుట ఒక పద్ధతి. అధికారి వచ్చునని భయపడి ఆ పూటకు మాత్రము మంచి కూర వండించుట రెండవ పద్ధతి. మొదటిది పిల్లలకు నోరు లేదని నేర్పును. రెండవది అరచినవానికే కూర యని నేర్పును. మూడవ పద్ధతి కష్టమైనది. పిల్లలను, వంటవారిని, సామాను తెచ్చువానిని ఒకచోట కూర్చుండబెట్టి, బియ్యము లెక్క పుస్తకమును అందరి యెదుట తెరచి చదివించుట. పిల్లల ఫిర్యాదులో అతిశయోక్తి యున్నచో అది అచ్చటనే తేలును. లెక్కలో దోషమున్నచో అదియు తేలును. ఎవరి తప్పు తేలినను, తేలిన విధానమును ఆ పిల్లలు పెద్దయిన తరువాతను మరువరు.

తరగతిలో వక్తృత్వపు పోటీలు నడపుట పాత ఆచారమే. వానికి ఒక నియమమును చేర్చవచ్చును: తన వాదమును ప్రారంభించుటకు ముందు ప్రతి విద్యార్థియు ఎదుటిపక్షపు వాదమును, వారు "ఔను, మేము చెప్పినది ఇదియే" అని ఒప్పుకొనునట్లు తిరిగి చెప్పవలెను. ఈ నియమము వినుటకు సులభము. ఆచరించుటకు పెద్దలకే కష్టము. దీనిని పదునైదవ యేట నేర్చిన విద్యార్థి రేపు ఊరేగింపులో జెండా పట్టినను, శాసనసభలో కుర్చీ పట్టినను ఆ అలవాటు వానిని విడువదు.

నేటికిని గ్రామసభలు చాలచోట్ల సంతకముల పుస్తకములలోనే జరిగిపోవుచున్నవి. సభ ఖాళీగా నున్నంతకాలము వీధి నిండుచునేయుండును. వీధిని నిందించి లాభము లేదు. రచ్చబండను వెడల్పు చేసి, ఇంతకాలము క్రింద నిలిచినవానిని పైకి పిలిచి, "చెప్పుము నాయనా, వినుచున్నాము" అన్ననాడు, వాడు గొంతు తగ్గించి తన కష్టమును చెప్పుకొనును.